కేసు పెట్టాలని తేల్చుకోకముందే సాయం అడగొచ్చా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 31. పెళ్లయి పదేళ్లు. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఆరేళ్లు. పల్నాడులో ఒక మండల కేంద్రంలో ఉంటాం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. జీతం పడే ఏటీఎం కార్డు, నా సర్టిఫికెట్లు, ఆధార్ అన్నీ మావారి దగ్గరే ఉంటాయి. తాగినా తాగకపోయినా కొడతారు. రెండుసార్లు పెద్దమనుషుల్లో పెట్టాం. రెండుసార్లూ ‘ఇకమీదట ఏమీ అనడులే, నువ్వూ కాస్త నోరు తగ్గించుకో’ అని పంపేశారు. పోయిన నెల చెంప మీద కొట్టి, కాలితో తన్ని, గొంతు పట్టుకుని గోడకు నొక్కారు. రెండు రోజులు మాట సరిగా రాలేదు. ప్రభుత్వాసుపత్రిలో బాత్‌రూంలో జారిపడ్డానని చెప్పాను. అత్తగారు పక్కనే ఉన్నారు మరి. రాత్రిళ్లు నాకు ఒంట్లో బాగోలేకపోయినా, వద్దన్నా బలవంతం చేస్తారు. అమ్మతో చెబితే ‘మొగుడన్నాక తప్పుతుందా’ అంది. ఇల్లు అత్తగారి పేరు మీద ఉంది. కేసు పెడితే నా పెట్టె రోడ్డు మీద ఉంటుందని ఆవిడ అంటారు. ఆయన జైలుకు వెళ్లాలని నాకు లేదు. కొట్టడం ఆగితే చాలు. కేసు పెట్టకుండా సాయం చేసేవాళ్లు ఉంటారా? స్టేషన్‌ గడప తొక్కితే ఇక కాపురం పోయినట్టేనా? పేరు వేయొద్దు.

జవాబు: అమ్మా, మీరు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే మొదలుపెడతాను. చెంపదెబ్బ, తన్ను, ఆ వరుసలోనే గొంతు పట్టుకోవడమూ రాశారు. దాన్ని ఆ వరుసలో పెట్టకండి. గొంతు నులిమిన మనిషి చేతిలోనే ఆ స్త్రీ తర్వాత ప్రాణం పోగొట్టుకునే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుందని గృహహింస మీద పరిశోధన చేసినవాళ్లు చెబుతున్నారు. పైకి గాటు లేకపోయినా లోపల వాపు ఉండొచ్చు, రక్తనాళానికి దెబ్బ తగిలి ఉండొచ్చు. ఇప్పటికీ గొంతు బొంగురుగా ఉన్నా, మింగుతుంటే నొప్పిగా ఉన్నా డాక్టరుకు చూపించుకోండి. మళ్లీ జరిగితే అదే రోజు వెళ్లండి. ఆయన చెయ్యి గొంతు మీదికి వచ్చిన రాత్రి కాపురం సంగతి ఆలోచించే వేళ కాదు. పిల్లల్ని తీసుకుని బయటపడి 112కు ఫోన్ చేయండి. మీ పాపకు తొమ్మిదేళ్లు కదా, ఆ నంబరు నేర్పండి. అలాంటి వేళ ఎవరింటికి పరుగెత్తాలో కూడా చెప్పి ఉంచండి.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. కేసు పెట్టకుండా సాయం దొరుకుతుంది. సాయం అడగడం, కేసు పెట్టడం, విడాకులు తీసుకోవడం మూడూ ఒకే తలుపు వెనక ఉన్నాయని మన ఊళ్లలో గట్టి నమ్మకం. అత్తగారు బెదిరించేదీ దాని మీదే, అమ్మ భయపడేదీ దానికే. నిజానికి అవి మూడు వేరువేరు గదులు. సాయం అడిగే మొదటి గదిలోకి వెళ్లి, కూర్చుని, మాట్లాడి, మిగతా రెండింటి జోలికి పోకుండా ఇంటికి తిరిగి రావచ్చు. అలా వచ్చేవాళ్లు చాలామంది ఉంటారు.

ఆ మొదటి గది పేరు సఖి. 2015లో కేంద్రం నిర్భయ నిధితో మొదలుపెట్టిన వన్ స్టాప్ సెంటర్లు ఇవి. జిల్లాకు ఒకటి ఉండాలని పెట్టుకున్నారు. మామూలుగా పెద్ద ప్రభుత్వాసుపత్రి ఆవరణలోనో, దానికి దగ్గర్లోనో ఉంటుంది. మీకు దగ్గరిది ఎక్కడుందో 181కు ఫోన్ చేస్తే చెబుతారు. అది మహిళా హెల్ప్‌లైన్, పగలూ రాత్రీ పనిచేస్తుంది. సఖిలో కౌన్సెలర్ ఉంటారు, వైద్యం చేయిస్తారు, న్యాయ సలహా ఇప్పిస్తారు, పోలీసులతో మాట్లాడాల్సి వస్తే తోడుంటారు. ఇంటికి వెళ్లే పరిస్థితి లేకపోతే పిల్లలతో సహా అయిదు రోజుల దాకా అక్కడే ఉండొచ్చు. ఎఫ్‌ఐఆర్ ఉండాలని అడగరు. డబ్బు తీసుకోరు. బాబు చిన్నవాడు కాబట్టి మీకు ఇబ్బంది ఉండకపోవచ్చు. ఎదిగిన మగపిల్లల విషయంలో మాత్రం వయసు నిబంధన ఉంటుంది, అది ముందే అడిగి తెలుసుకోవాలి. అయిదు రోజులు చాలకపోతే ఎక్కువ కాలం ఉండటానికి వేరే వసతి ఉంది. పాతవాళ్లు స్వాధార్ గృహం అంటారు, ఇప్పుడు శక్తి సదన్ అని పేరు మార్చారు.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడు మీ పేరు చెప్పకపోయినా ఫరవాలేదు. ‘నాకు సలహా కావాలి, కేసు సంగతి ఇంకా ఆలోచించుకోలేదు’ అని ఆ మాటే అనండి. మీ ఫోన్‌ ఆయన చూస్తారనుకుంటాను. ఏటీఎం కార్డు అట్టిపెట్టుకున్న మనిషి ఫోన్‌ వదిలిపెట్టడు. అందుకని స్కూల్ నుంచి, నమ్మకమున్న తోటి టీచర్ ఫోన్‌తో చేయండి. గ్రామ, వార్డు సచివాలయంలో మహిళా పోలీసు ఉంటుంది, అంగన్‌వాడీ టీచర్ ఉంటుంది, వాళ్లూ దారి చూపగలరు. కాకపోతే వాళ్లది మీ ఊరే. విషయం మీకంటే ముందు మీ ఇంటికి చేరుతుందన్న అనుమానం ఏ కొంచెం ఉన్నా నేరుగా 181కే చేయండి.

మీ పెద్దమనుషుల సంగతి చూద్దాం. రెండుసార్లూ వాళ్లు చేసింది బేరం. ఆయన చెయ్యి ఆపాలి, మీరు నోరు ఆపాలి. మీ నోటికీ ఆయన చేతికీ ఒకే తూకం వేశారు. గృహహింస చట్టం కింద 2006లో చేసిన నియమాల్లో కౌన్సెలింగ్ గురించి ఒక మాట ఉంది. అది చాలామంది వకీళ్లు కూడా క్లయింట్లకు చెప్పరు. కౌన్సెలింగ్‌లో భర్త తాను కొట్టడానికి సాకు చెప్పుకోవడానికి వీల్లేదు. ‘ఎదురు మాట్లాడింది కాబట్టి కొట్టాను’ అన్న మాట ఆ గదిలో చెల్లదని మొదలుపెట్టేముందే అతనికి చెప్పాలి. ఇకముందు హింస చేయనని అతని చేత హామీ తీసుకోవాలి. పంచాయితీలో జరిగినదానికీ దీనికీ తేడా గమనించారా? కాపురం నిలబెట్టుకోవాలన్న కోరిక మీకుంటే దానికీ చట్టంలో చోటుంది. ఎటొచ్చీ ఆ చర్చ మీ నోరు తగ్గించడం గురించి జరగకూడదు. కౌన్సెలర్ ఎవరైనా ‘నువ్వూ సర్దుకోవాలమ్మా’ దగ్గరే మొదలుపెడితే ఈ నియమం గుర్తుచేయండి. సర్దుకోమనేవాళ్లు సర్కారు గదుల్లోనూ ఉంటారు, లేరని చెప్పి మిమ్మల్ని పంపడం నాకు ఇష్టం లేదు.

ఆయన జైలుకు వెళ్లకూడదన్నారు. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. మీలాంటి వాళ్లను దృష్టిలో పెట్టుకుని చేసిందేనా అనిపిస్తుంది. దాని కింద మేజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు చేస్తే అరెస్టు ఉండదు, శిక్షా ఉండదు. కోర్టు ఉత్తర్వులు ఇస్తుంది. కొట్టకూడదు, బెదిరించకూడదు, స్కూలు దగ్గరికి వచ్చి గొడవ చేయకూడదు. ఖర్చులకు ఇంత ఇవ్వాలి. పిల్లలు తాత్కాలికంగా తల్లి దగ్గర ఉండాలి. ఆమె స్త్రీధనం, సర్టిఫికెట్లు తిరిగి ఇచ్చేయాలి. ఇలాంటివి. రక్షణ ఉత్తర్వు చేతికొచ్చాక కూడా దాన్ని మీరితే అప్పుడు నేరం. ఏడాది దాకా జైలు, 20 వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే జైలుకు వెళ్లాలా వద్దా అన్నది అప్పుడు ఆయన చేతుల్లోనే ఉంటుంది. దీంతో పెళ్లి రద్దవదు. ఉత్తర్వు చేతిలో పెట్టుకుని అదే ఇంట్లో కాపురం చేసేవాళ్లూ ఉన్నారు.

దరఖాస్తు వేసిన మూడు రోజుల్లో మొదటి వాయిదా ఉండాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. 60 రోజుల్లో తేలుతుందని మాత్రం నమ్ముకోవద్దు, నెలలు పడుతుంది. అందుకే మధ్యంతర ఉత్తర్వు కావాలని మొదటిరోజే అడగాలి. ప్రమాదం ఉందని మీ ప్రమాణపత్రం బట్టి కోర్టుకు అనిపిస్తే అవతలివాళ్లు రాకముందే ఇవ్వొచ్చు. గొంతు విషయం ఆ ప్రమాణపత్రంలో మొదటి పేరాలో ఉండాలి. వకీలుకు ఇచ్చే స్తోమత లేదని వెనక్కి తగ్గకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 నాటి చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లినా సరే, 15100కు ఫోన్ చేసినా సరే.

ఇల్లు అత్తగారిది, పెట్టె రోడ్డు మీద ఉంటుందన్న బెదిరింపు గురించి వివరంగా చెప్పాలి. మీలో సగం భయం అక్కడే ఉంది. పెళ్లయి వచ్చి మీరు కాపురం చేస్తున్న ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా, అందులో ఉండే హక్కు మీకు ఈ చట్టం ఇస్తుంది. కోర్టు ద్వారా తప్ప మిమ్మల్ని వెళ్లగొట్టకూడదు. ఇల్లు మామగారిదైతేనో అత్తగారిదైతేనో ఈ హక్కు వర్తించదని చాలాకాలం వాదించేవారు. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ ఆహుజా కేసులో సుప్రీంకోర్టు ఆ వాదన సరికాదంది. భర్త బంధువుల పేరిట ఉన్న ఇల్లు కూడా ఉమ్మడి నివాసం కావచ్చని చెప్పింది. అత్తమామలు సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లి కోడల్ని ఖాళీ చేయించే ప్రయత్నం ఇంకోటి ఉంటుంది. కోడలికున్న నివాస హక్కును ఎగ్గొట్టడానికి ఆ చట్టాన్ని వాడుకోవడం కుదరదని అదే ఏడాది డిసెంబరులో మరో తీర్పు వచ్చింది.

అలాగని ఆ ఇల్లు మీదైపోదు. ఉండే హక్కు వేరు, సొత్తు వేరు. వయసు మళ్లిన అత్తమామల ప్రశాంతతనూ కోర్టు చూస్తుంది. కొట్టిన భర్తను ఇంట్లోంచి వెళ్లిపొమ్మని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు కానీ ఆడమనిషిని, అంటే అత్తగారిని, అలా వెళ్లిపొమ్మనడానికి చట్టం ఒప్పుకోదు. ఆవిడతో ఒకే కప్పు కింద ఉండలేనంటే, ఇప్పుడున్న ఇంటి స్థాయికి తగ్గని వేరే ఇల్లు చూపించమని, లేదా అద్దె కట్టమని భర్తను ఆదేశించేలా కోరవచ్చు. మీ ఉత్తరం చదివితే మీకు సరిపోయేది ఇదేమో అనిపిస్తోంది. స్కూలుకు దగ్గర్లో రెండు గదుల ఇల్లు, అద్దె ఆయన మీద. మీరు కౌన్సెలర్‌తోనూ వకీలుతోనూ ఈ మాట ఎత్తండి. వాళ్లంతట వాళ్లు ఎత్తకపోవచ్చు.

రాత్రిళ్ల గురించి మీరు రాసింది రాయడానికే ఎంత ధైర్యం కావాలో నాకు తెలుసు. అమ్మ అన్నమాటకు ఆవిడ ఒక్కరినే తప్పుపట్టలేను. 2019 నుంచి 2021 దాకా జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సరైనదేనని ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ దాదాపు 84 శాతం మంది ఆడవాళ్లే చెప్పారు. చెబుతున్నది ఆడవాళ్లండీ! దెబ్బకే ఇలా ఉంటే పడకగది సంగతి అమ్మ ఎలా మాట్లాడుతుంది?

చట్టం ఎక్కడ నిలబడిందో ఉన్నదున్నట్టు చెబుతాను. 18 ఏళ్లు దాటిన భార్యను భర్త బలవంతం చేస్తే దాన్ని అత్యాచారంగా మన శిక్షాస్మృతి చూడదు. 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మినహాయింపును అలాగే ఉంచారు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది. అయినా మీ చేతులు పూర్తిగా కట్టేసి లేవు. గృహహింస అంటే ఏమిటో చెప్పే సెక్షన్‌లోనే లైంగిక హింస ఉంది. స్త్రీ గౌరవానికి భంగం కలిగించే ఏ లైంగిక ప్రవర్తనైనా దానికిందికి వస్తుంది. కాబట్టి దరఖాస్తులో అదీ రాయాలి. సిగ్గుపడి వదిలేస్తే ఉత్తర్వులో ఆ రక్షణ ఉండదు. మీరు వేరుగా ఉండటం మొదలయ్యాక, కోర్టు డిక్రీ ఉన్నా లేకపోయినా, ఆయన బలవంతం చేస్తే అది రెండు నుంచి ఏడేళ్ల జైలుశిక్ష పడే నేరం. పుట్టింటికి వెళ్లాక ‘మాట్లాడాలి’ అని వచ్చే భర్తల విషయంలో ఇది గుర్తుంచుకోవాలి.

ఒకవేళ ఆ బలవంతం వల్ల గర్భం వస్తే, వద్దనుకునే హక్కు మీది, భర్త సంతకం అవసరం లేదు. గర్భస్రావ చట్టం వరకు భార్యపై భర్త చేసే అత్యాచారం కూడా అత్యాచారమేనని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ లెక్కన 24 వారాల దాకా గడువుంటుంది. అత్యవసర మాత్ర అయితే 72 గంటల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తుంది.

ఆసుపత్రి చీటీ గురించి కూడా చెప్పాలి. బాత్‌రూంలో జారిపడ్డానని మీరు చెప్పారు కనుక ఓపీ చీటీలో అదే ఉంది. రేపు కోర్టులో అవతలి వకీలు ఆ చీటీ చూపించే మిమ్మల్ని నిలదీస్తాడు. దాన్ని ఇప్పుడు మార్చలేం, భయపడి చెప్పానని నిజం చెబితే సరిపోతుంది, కోర్టులకు ఇది కొత్తేం కాదు. ఈసారి మాత్రం డాక్టరును ‘ఒంటరిగా మాట్లాడాలి’ అని అడగండి. వెంట వచ్చినవాళ్లను బయట ఉండమనడం డాక్టరుకు అలవాటే. ఎవరు, దేంతో, ఎక్కడ కొట్టారో చెప్పి మెడికో లీగల్ కేసుగా, అంటే కొట్టడం వల్ల తగిలిన గాయమని ఆసుపత్రి రికార్డులో, రాయమనండి. గాయాల ఫొటోలు మీ ఫోన్‌లో పెట్టుకోవద్దు, తోటి టీచర్‌కు పంపి మీ దగ్గర తీసేయండి. లైంగిక హింస జరిగినవాళ్లకు వెంటనే ఉచితంగా వైద్యం చేయాలన్నది ప్రభుత్వాసుపత్రులకే కాదు, ప్రైవేటు వాటికీ వర్తించే చట్టం. ‘ముందు స్టేషన్‌కు వెళ్లి రండి’ అనడానికి వీల్లేదు.

స్టేషన్ గురించి తక్కువే చెబుతాను, మీకు ఇప్పుడే అక్కర్లేదు గనక. భర్త, అత్తింటివాళ్ల వేధింపుల మీద పెట్టే పాత 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 85 అయింది. అది క్రిమినల్ కేసు, మూడేళ్ల దాకా శిక్ష. అది పెట్టినా తెల్లారి అరెస్టు చేసే రోజులు పోయాయి. 2014లో అర్నేశ్ కుమార్ తీర్పు తర్వాత ముందు నోటీసు ఇచ్చి పిలుస్తారు. మీకు ఎప్పుడైనా అవసరమైతే ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, పరిధి కాదని తిప్పి పంపకూడదు. తీసుకోకపోతే అదే ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. పంపిన రసీదు దాచుకోండి.

సఖిలోనో, ఐసీడీఎస్ ఆఫీసులో ఉండే రక్షణాధికారి (గృహహింస చట్టం కింద ఆడవాళ్లకు సాయం చేయడానికి ప్రభుత్వం పెట్టిన అధికారి) దగ్గరో మీరు మాట్లాడుతున్నప్పుడు ‘డీఐఆర్ రాద్దామా’ అని అడుగుతారు. జరిగిన హింసను ఒక నమూనా పత్రంలో నమోదు చేయడం అది. అది చాలా ఉపయోగపడే కాగితం, తర్వాత కోర్టుకు దాని మీదే వెళ్తారు. అయితే రక్షణాధికారి రాసిన డీఐఆర్ కాపీలు మేజిస్ట్రేటుకూ పోలీస్ స్టేషన్‌కూ వెళ్తాయి. అందుకని ఆ మాట వచ్చినప్పుడు ఒక్క క్షణం ఆగి, ‘ఇది రాశాక ఎవరెవరికి తెలుస్తుంది, ఆయనకు ఎప్పుడు తెలుస్తుంది’ అని అడగండి. ఆయనకు తెలిసే రోజుకు మీరూ పిల్లలూ ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకోండి. విడిపోతున్నారని తెలిసిన రోజులే అన్నిటికన్నా ప్రమాదకరమైనవి.

ఈలోగా, తొందరేం లేకుండా చేసుకోగల పనులు కొన్ని. స్కూల్లో మీ జీతం పడే ఖాతా మార్చమని ఇప్పుడే అడగకండి, ఆయనకు వెంటనే తెలిసిపోతుంది. ముందు పోస్టాఫీసులోనో వేరే బ్యాంకులోనో మీ ఒక్కరి పేరిట ఖాతా తెరిచి ఉంచండి. దాని మెసేజ్‌లు ఏ నంబరుకు వస్తాయో చూసుకోండి. ఆధార్‌కు ఆయన నంబరు లింక్ అయి ఉంటే ఆధార్ కేంద్రంలో వేలిముద్రతో మీ నంబరుకు మార్పించుకోవచ్చు. పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు దొరక్కపోతే డూప్లికేట్లకు దరఖాస్తు చేయొచ్చు. కాబట్టి వాటి కోసం బీరువా దగ్గర గొడవపడొద్దు. పిల్లల జనన ధ్రువపత్రాలు, రేషన్ కార్డు, పెళ్లి ఫొటో ఒకటి, ఇవన్నీ ఫొటోలు తీసి తోటి టీచర్ దగ్గర పెట్టండి. పొదుపు సంఘంలో మీ పేరు ఉంటే మీ పేరు మీద అప్పు ఎంతుందో ఒకసారి లీడర్‌ను అడగండి. ఆయన మీ చేత తీయించిన అప్పులు కూడా ఆర్థిక హింస కిందికి రావచ్చు, దరఖాస్తులో రాయొచ్చు.

ఇది చదువుతున్న తోటి టీచరు ఎవరైనా ఉంటే వాళ్లకో మాట. హింస జరుగుతోందని రక్షణాధికారికి ఎవరైనా తెలియజేయవచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద ఏ బాధ్యతా పడదని చట్టంలోనే ఉంది. కానీ ఆమెకు చెప్పకుండా చేయకండి. దెబ్బలు తినేది మీరు కాదు. మీ ఫోన్‌ ఆమెకివ్వండి, క్లాసు మీరు చూసుకోండి.

181లో తీసినవాళ్లు విసుక్కుంటే ఆ ఒక్క ఫోన్‌తో వదిలేయకండి. ఇంకో షిఫ్టులో ఇంకొకరు ఉంటారు. 15100 ఉంది. ఏ రోజు ఎవరితో మాట్లాడారో, ఏం చెప్పారో స్కూల్లోనే ఒక నోటుపుస్తకం వెనక రాసి పెట్టుకోండి. మళ్లీ నాకు రాయాలనుకుంటే స్కూలు చిరునామాతో రాయండి, జవాబు ఇంటికి రాకూడదు.